ఫోన్‌పేలో రోజూ డబ్బులు పడుతున్నా కిరాణం షాపుకు ముద్రా లోన్ ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో కిరాణం నడుపుతున్నా. రోజుకు ఆరున్నర వేల గిరాకీ. నా క్యూఆర్‌లో రెండు వేలు, తమ్ముడి క్యూఆర్‌లో రెండు వేలు పడతయ్, మిగిలింది నగదు. ముద్రా కోసం పోతే మేనేజర్ "వ్యాపారం కనిపిస్తలేదు" అంటున్నడు. ప్రస్తుతం గిరిగిరి (రోజూ వసూలు చేసే ప్రైవేటు అప్పు) తెచ్చి సరుకు ఏస్తున్నా. ఏం చేయాలె?

జవాబు: అన్నా, మేనేజర్ మాట ఉత్త సాకు కాకపోవచ్చు. బ్యాంకు లెక్క కట్టేది మీ షాపులో సరుకు చూసి కాదు, మీ ఖాతా స్టేట్‌మెంట్ చూసి. చిన్న వ్యాపారాలకు వర్కింగ్ క్యాపిటల్ (సరుకు తిప్పుకునే పెట్టుబడి) లోన్‌ను మామూలుగా ఏడాది టర్నోవర్‌లో 20 శాతంగా లెక్కిస్తారు. రోజుకు 6,500 అంటే ఏడాదికి 23 లక్షల పైమాటే, దాని మీద నాలుగున్నర లక్షలు దాటి రావాలి. కానీ మీ ఖాతాలో కనిపించేది రోజుకు 2,000. అంటే ఏడాదికి 7.3 లక్షలు, లోన్ లక్షన్నర లోపే. తమ్ముడి ఖాతాలో పడ్డవి తమ్ముడి జమల కిందికే పోతాయి, గల్లాలో ఉన్నవి ఎవరి లెక్కలోకీ రావు.

అందుకే లోన్ సంగతి పక్కన పెట్టి ముందు షాపు పేరు మీద ఒక కరెంట్ ఖాతా తెరవండి. వ్యాపారం ఉందని చూపే రెండు కాగితాలు అడుగుతారు. ఒకటి ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్), రెండోది పంచాయతీ ట్రేడ్ లైసెన్స్ గానీ కార్మిక శాఖ ఇచ్చే షాపు రిజిస్ట్రేషన్ గానీ. రెండోది లేకుంటే, మనిషిని పంపి షాపు చూసుకుని ఒక్క కాగితంతోనే తెరిచే వెసులుబాటు కూడా బ్యాంకుకు ఉంది, అడగండి. ఉద్యమ్‌కు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఆధార్‌కు లింకైన ఫోన్, పాన్ ఉంటే చాలు. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఫీజు గుంజుతాయి. అడ్రస్ చివర జీఓవీ డాట్ ఇన్ లేకుంటే బయటికి వచ్చేయండి. కిరాణం లాంటి చిల్లర వ్యాపారాలను కూడా 2021 జూలై నుంచి ఉద్యమ్‌లోకి తీసుకున్నారు.

ఎక్కువ మందికి పని ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉంటే ఉద్యమ్ ముందుకు కదలదు. ముందు అది సరిచేయించుకోండి.

ఖాతా వచ్చాక వ్యాపారుల క్యూఆర్ ఒక్కటే పెట్టి, తమ్ముడిది తీసేయండి. గల్లాలో నగదు వారానికి రెండుసార్లన్నా జమ చేయండి. సేటుకు సరుకు డబ్బులు నగదుగా కాకుండా ఆ ఖాతా నుంచే పంపండి, అప్పుడు అమ్మకం, కొనుగోలు రెండూ కాగితం మీద ఉంటాయి. పడ్డ డబ్బంతా సాయంత్రానికి ఊడ్చేసే అలవాటు మంచిది కాదు, సగటు నిల్వ కూడా చూస్తారు. అన్నిటికన్నా చెడ్డది కిస్తీ రోజు ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోవడం. ఆరు నెలలు ఇట్లా నడిపి అప్పుడు అడగండి.

ఖాతా ఏపీజీవీబీలో (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) ఉండేదా? మన ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆ బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. సేటు దగ్గర, క్యూఆర్ యాప్‌లో ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ (బ్రాంచి కోడ్) కొత్త పాస్‌బుక్‌తో సరిపోతుందో లేదో చూసుకోండి.

జీఎస్టీ భయంతోనే చాలామంది క్యూఆర్‌లు పంచిపెడతారు. ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా సరుకుల వ్యాపారానికి పరిమితి 40 లక్షలని రాసి ఉంటుంది, అది తెలంగాణకు వర్తించదు. మన దగ్గర 20 లక్షలే. మీరు దాన్ని దాటారు. విడి బియ్యం, పాల లాంటి పన్ను లేని సరుకు కూడా ఈ లెక్కలో కలుస్తుంది. దాక్కునే బదులు జీఎస్టీలోనే చిన్న వ్యాపారులకు ఉన్న కాంపోజిషన్ పద్ధతిలో చేరండి. పన్ను పడే అమ్మకాల మీద 1 శాతం, మూడు నెలలకోసారి కట్టాలి. 2025లో కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపారు. జీఎస్టీ రిటర్నులు లోన్‌కు కూడా పనికొస్తాయి.

గిరిగిరి మిత్తి ఎంతో ఒకసారి లెక్క కట్టండి. పదివేలు రాసుకుని వెయ్యి కోసి తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, నూటికి నెలకు ఆరు రూపాయల పైనే పడుతుంది. ముద్రా నూటికి రూపాయి చుట్టుపక్కల ఉంటుంది. క్యూఆర్ కంపెనీలు చూపించే లోన్లలో కూడా రోజుకింత కోసుకునేవి ఉంటాయి. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ షరతులన్నీ ఒక్కచోట రాసిన కాగితం) అడిగి, అందులో ఏపీఆర్ (ఫీజులన్నీ కలిపిన ఏడాది వడ్డీ) చూడండి. 2024 అక్టోబర్ నుంచి అది ఇవ్వడం తప్పనిసరి.

సిబిల్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర) ఏడాదికి ఒకసారి ఉచితం. లోన్ యాప్‌లో మరిచిపోయిన ఎనిమిది వందల బాకీ, పక్కింటాయనకు పెట్టిన జమానత్ సంతకం, రెండూ అందులో బయటపడతాయి.

దరఖాస్తు మాత్రం నోటిమాటగా వద్దు. ముద్రాలో కిశోర్ అనే తరగతి కింద 5 లక్షల వరకు అడగొచ్చు. ప్రభుత్వ లోన్ల వెబ్‌సైట్ జన్‌సమర్థ్ పోర్టల్‌లో పెట్టండి, లేదా బ్రాంచిలో ఇచ్చి ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఇంత చిన్న లోన్‌కు తాకట్టు అడగొద్దని ఆర్‌బీఐ నియమం. ఎఫ్‌డీ చేయండి, బీమా తీసుకోండి అని మెలిక పెడితే ఆ మాట రాసిమ్మనండి. 25 లక్షల లోపు దరఖాస్తుకు 14 పనిదినాల్లో ఏదో ఒకటి తేల్చాలి, కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. తేల్చకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్‌కు రసీదు కాపీ జతచేసి రాయండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు లేకుంటే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, దానికి ఫీజు లేదు. వివరాలు కావాలంటే ఆర్‌బీఐ నంబరు 14448కి ఫోన్ చేయండి.