భీమవరం ఆఫీసులో అవుట్‌లుక్ తెరుచుకోవడానికి ఐదు నిమిషాలా? – సమాధానం

రొయ్యల ఎగుమతి ఆఫీసులో అవుట్‌లుక్ ఒక్కటే పొద్దున్నే ఐదు నిమిషాలు తినేస్తోంది, మిగతావన్నీ బానే ఉన్నాయి అన్నారు కదండీ. అయితే కొత్త కంప్యూటరు మాట మర్చిపోండి.

కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని అవుట్‌లుక్ ఐకాన్ మీద క్లిక్ చేయండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, యెస్ అనండి. టక్కున తెరుచుకుందా, తప్పు యాడ్-ఇన్‌లదే, అంటే అవుట్‌లుక్‌కి తగిలించుకున్న అదనపు చిన్న ప్రోగ్రాములదే; సేఫ్ మోడ్‌లో అవి నడవవు. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి, కింద గో నొక్కి, టిక్కులన్నీ తీసేయండి. మళ్లీ ఒక్కొక్కటే పెట్టుకుంటూ వస్తే దొంగ దొరుకుతాడు. నా అనుమానమైతే పీడీఎఫ్, యాంటీవైరస్ వాటి మీదేనండి. ఇదంతా క్లాసిక్ అవుట్‌లుక్, అంటే పాత డెస్క్‌టాప్ రకం సంగతి; కొత్త అవుట్‌లుక్‌ది కాదు.

సేఫ్ మోడ్‌లోనూ నత్తనడకేనా? అకౌంట్ సెట్టింగ్స్‌లో డేటా ఫైల్స్ చూడండి. మీ పీఎస్టీ ఫైలు, అంటే మెయిళ్లు దాచుకునే ఫైలు, సర్వర్ షేర్ ఫోల్డర్‌లో ఉంటే అసలు రోగం అదే కావచ్చు. నెట్‌వర్క్ మీంచి దాన్ని వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది. అవుట్‌లుక్ మూసేసి, ఫైలును సొంత డిస్కులోకి కాపీ చేసి అక్కణ్ణుంచి తెరవండి. మామూలుగా 50 జీబీ దాకా పడుతుంది గానీ, కంటైనర్ ఫోటోలూ ల్యాబ్ రిపోర్టులూ అన్నీ అందులోనే కుక్కితే బరువెక్కదా మరి! పాతవి ఆర్కైవ్‌లోకి తోసేయండి. కరెంటు పోయి సిస్టం ఠపీమని ఆగిపోతుంటే పాడైన పీఎస్టీని బాగుచేసే స్కాన్‌పీఎస్టీ టూల్ కూడా నడపండి, ఫైలు కాపీ తీసి పెట్టుకున్నాకే సుమండీ.