రోటరీకి టైమింగ్ పెంచే ముందు పెట్రోల్ సంగతి చూడండి

ప్రశ్న: నమస్కారమండీ. నా దగ్గర 1994 మోడల్ మాజ్దా ఆర్‌ఎక్స్-7 (పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లుండే రోటరీ ఇంజన్ కారు) ఉంది. కంపెనీ ఇచ్చిన రెండు టర్బోలు తీసేసి ఒకటే పెద్దది పెట్టించాను. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లలో ప్రైమరీలు రెండూ పాతవే, నిమిషానికి 550 సీసీ చొప్పున. ఎక్కువ పవర్ కావాల్సినప్పుడు తోడయ్యే సెకండరీలు రెండూ 1600 సీసీ. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటరు) అపెక్సీ పవర్ ఎఫ్‌సీ. పోసేది 93 ఆక్టేన్, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) 15 పీఎస్‌ఐ. 5,500 ఆర్‌పీఎం దాటాక వైడ్‌బ్యాండ్ మీటరు (గాలి-పెట్రోల్ నిష్పత్తి, అంటే ఏఎఫ్‌ఆర్ చూపేది; అంకె పెరిగితే పెట్రోల్ తగ్గినట్టు) 11.2 నుంచి మెల్లగా 12.6కి ఎక్కుతోంది. మ్యాప్‌లో (ఈసీయూ సెట్టింగుల పట్టికలో) ఫ్యూయెల్ పెంచినా పెద్ద తేడా లేదు. లాగ్‌లో ఇంజెక్టర్ డ్యూటీ (అది తెరుచుకుని ఉండే సమయం వాటా) 70 శాతం దాటడం లేదు. షాపువాళ్లు ఇంకా పెద్ద ఇంజెక్టర్లు వేయమంటున్నారు. టైమింగ్ మూడు డిగ్రీలు పెంచితే (స్పార్క్ అంత ముందుగా పడేలా చేస్తే) 400 హార్స్‌పవర్ వచ్చేస్తుందని నా ఫ్రెండ్ అంటున్నాడు. ఐడిల్‌లో టీడీసీ (మిశ్రమం పూర్తిగా నొక్కుకుపోయే స్థానం) దాటాక 5 డిగ్రీలకు స్పార్క్ పడుతోంది, అదీ తప్పేనంటాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు బూస్ట్ కంట్రోలర్ ఆపేయండి. వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా చూసే కవాటం) స్ప్రింగ్ ఎంత బూస్ట్ ఇస్తే అంతతోనే నడపండి. ఈ సంగతి తేలేదాకా బండిని 5,000 దాటించకండి.

షాపువాళ్ల మాట లెక్కకు నిలవదు. మీ నాలుగు ఇంజెక్టర్లూ కలిపి నిమిషానికి 4,300 సీసీ ఇస్తాయి. రోటరీ తిండిపోతే, కాదనను. అయినా చక్రాల దగ్గర 400 హార్స్‌పవర్‌కి ఇంచుమించు 3,100, 3,200 సీసీ సరిపోతుంది. మీ లాగ్‌లో ఉన్న 70 శాతమూ ఆ లెక్కకు దగ్గరగానే ఉంది. ఇంజెక్టర్ తెరుచుకుంటోంది, మీరు ఫ్యూయెల్ పెంచితే ఇంకాసేపు తెరుచుకుంటోంది, అయినా మిశ్రమం పలచబడుతోంది. అంటే దాని వెనకాల ప్రెషర్ ఉండటం లేదు.

ఫ్యూయెల్ రైలుకు (ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే గొట్టానికి) ప్రెషర్ సెన్సర్ పెట్టి ఆర్‌పీఎం, బూస్ట్‌లతో పాటు లాగ్ చేయండి. ఫ్యూయెల్ ప్రెషర్ రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీసినప్పుడు ఉండే ప్రెషర్ రాసుకోండి. 15 పీఎస్‌ఐ బూస్ట్ వచ్చినప్పుడు రైలులో దానికి సరిగ్గా 15 కలవాలి. పైకి వెళ్లేకొద్దీ 12, 9, 6 మాత్రమే కలుస్తుంటే దొంగ దొరికినట్టే. అప్పుడు ట్యాంకులోని ఫ్యూయెల్ పంపు దగ్గర, కనెక్టరులోనే, వోల్టేజీ చూడండి. ఆల్టర్నేటర్ దగ్గర 13.8 ఉన్నా, ముప్పై ఏళ్ల సన్న వైరు, పాత రిలే దాటి పంపుకు చేరేసరికి 11 వోల్టులే మిగలడం ఈ బండ్లలో కొత్తేమీ కాదు. బ్యాటరీ నుంచి లావు వైరు, మధ్యలో ఫ్యూజు, విడిగా ఒక రిలే వేయించండి. ఇంజెక్టర్ల ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. ఫిల్టరు ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే దాన్నీ మార్చేయండి. ఆ పని మీద చెయ్యి పెట్టినప్పుడే రైలు దగ్గరి పల్సేషన్ డ్యాంపర్ (ప్రెషర్ కుదుపులు తగ్గించే భాగం) కూడా చూడండి. అక్కడ పెట్రోల్ కారి నిప్పంటుకున్న ఆర్‌ఎక్స్-7లు ఉన్నాయి.

ప్రెషర్ చెక్కు చెదరకుండా ఉండి మీటరు మాత్రం గబుక్కున 13, 14కి ఎగిరి దిగుతుంటే కథ వేరు. అది మిస్‌ఫైర్. మండని గాలిలోని ఆక్సిజన్ మొత్తం సెన్సర్ దగ్గరికి వెళ్తుంది, సెన్సరు దాన్ని లీన్ (పెట్రోల్ తక్కువ) అని చదువుతుంది. అది చూసి పెట్రోల్ పెంచితే ప్లగ్గులు ఇంకా తడుస్తాయి. అప్పుడు చూడాల్సింది కాయిల్స్, ప్లగ్గులు. మీది మెల్లగా ఎక్కుతోంది కాబట్టి నా అనుమానం పంపు మీదే.

ఇక మీ ఫ్రెండ్ సంగతి. ఆయన పిస్టన్ బండ్లు బాగా ట్యూన్ చేస్తాడేమో. పిస్టన్ ఇంజన్ నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తే టకటకమని చప్పుడు చేస్తుంది, మీరు కాలు తీసే టైమ్ ఇస్తుంది. ఇక్కడ రోటరు మూడు మూలల్లోనూ ఉండేది 2 మిల్లీమీటర్ల మందం ఏపెక్స్ సీల్, అంటే గదులను వేరుచేసే పట్టీ. బూస్ట్‌లో ఒక్క గట్టి నాక్ చాలు, అది పగిలి, ముక్క ఎగ్జాస్ట్ పోర్టులోంచి పోయి టర్బైన్ చక్రానికి తగులుతుంది. పోతూ పోతూ హౌసింగ్‌ను గీకేస్తుంది. మూడు డిగ్రీలతో వచ్చే పదో పదిహేనో హార్స్‌పవర్ కోసం ఇంజన్ పణంగా పెడతారా? నేనైతే 93 ఆక్టేన్ మీద 15 పీఎస్‌ఐలో లీడింగ్ (రోటరుకు ఉండే రెండు ప్లగ్గుల్లో ముందు వెలిగేది) టీడీసీకి ముందు 10 నుంచి 12 డిగ్రీల దగ్గర ఆపేస్తాను. ట్రెయిలింగ్ (రెండో ప్లగ్గు) దానికి 12, 15 డిగ్రీలు వెనకాల ఉండాలి. ఏఎఫ్‌ఆర్ 11 దగ్గర. ఇంకా పవర్ కావాలంటే ఇంటర్‌కూలర్ మీద డబ్బు పెట్టండి.

ఐడిల్‌లో లీడింగ్ టీడీసీ దాటాక 5, ట్రెయిలింగ్ 20 డిగ్రీలు. అది మాజ్దావాళ్లు పెట్టిందే, తప్పు కాదు. టైమింగ్ లైటుతో ముందు రోటరు లీడింగ్ వైరు పట్టుకుని చూడండి. పుల్లీ మీద గీత, ఈసీయూ చెప్పే అంకె ఒకటేనా కాదా అన్నది ముఖ్యం. అవి కలవకపోతే మ్యాప్‌లో రాసుకున్న 12 నిజానికి 17 కావచ్చు. ట్రెయిలింగ్ వైర్లు రెండూ తారుమారు కాలేదని కూడా చూసుకోండి. ఆర్‌ఎక్స్-7లో లీడింగ్ కాయిల్ రెండు రోటర్లకూ ఒకేసారి స్పార్క్ ఇస్తుంది కాబట్టి ఆ వైర్లు మారినా బాధ లేదు. ట్రెయిలింగ్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఇంకో చిన్న పని. ఒక్కో రోటరుకు ఒక ప్లగ్గు విప్పి, పెట్రోల్, ఇగ్నిషన్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించండి. ఫుస్, ఫుస్, ఫుస్ అని మూడూ సమానంగా రావాలి. ఒకటి గట్టిగా, రెండు నీరసంగా వస్తే ఒక ఏపెక్స్ సీల్ ఇప్పటికే పోయిందని అనుమానించాలి. ఒక్క సీల్ రెండు గదులకు గోడ కాబట్టి పోతే రెండూ పోతాయి. అలాంటి ఇంజన్‌కి ట్యూనింగ్ దండగ.

ప్రశ్న: నాదీ ఆర్‌ఎక్స్-7 టర్బోనే. మా దగ్గర 98 ఆక్టేన్ దొరుకుతుంది. అమెరికాలో 93తో నడిపేవాళ్ల మ్యాప్ వేసుకుంటే నాకు ఇంకా సేఫ్ కదా? పెట్రోల్‌లో ఆయిల్ కలపాలంటారు, నిజమేనా?
– మరో పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: మీ 98, వాళ్ల 93 దాదాపు ఒకే పెట్రోల్. మీ దేశంలో బంకు మీద రాసేది ఆర్‌ఓఎన్ (తేలిక పరీక్షలో వచ్చే ఆక్టేన్ అంకె). అమెరికాలో ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ (కఠిన పరీక్షలో వచ్చేది) రెండింటి సగటు రాస్తారు. కాబట్టి సేఫ్టీ ఏమీ పెరగలేదు. ఎవరి మ్యాపూ తెచ్చి వేసుకోకండి, పోర్టింగ్ (ఇంజన్ గాలి దారులు పెద్దవి చేయడం), టర్బో, ఇంజెక్టర్లు ఏ రెండు బండ్లకూ ఒకటి కావు.

ఆయిల్ మాట నిజమే. మన ఊళ్లలో లూనా బండ్లలో పోసిన 2టి ఆయిల్ గుర్తుందా? అదే జాతి, కాకపోతే బూడిద తక్కువ మిగిల్చే మంచి రకం కొనండి. ఆయిల్ మీటరింగ్ పంపు (సీళ్లకు కొంచెం కొంచెంగా ఆయిల్ అందించేది) పనిచేస్తుంటే లీటరుకు 4, 5 మిల్లీలీటర్లు. పంపు తీసేసి ఉంటే 8 నుంచి 10. ఆయిల్ కలిపితే ఆక్టేన్ కాస్త తగ్గుతుంది కాబట్టి, ట్యూనింగ్‌కి వెళ్లే రోజున ట్యాంకులో మీరు రోజూ కలిపే మోతాదే ఉండాలి.