నవ్వించే కథలతో పిల్లలకు తెలుగు వస్తుందా? మా బడిలో చూసింది చెప్తాను

మీ పాప మూడో తరగతి, ఇంగ్లీష్ మీడియం, తెలుగు పుస్తకం తీస్తే ముఖం తిప్పుకుంటుంది, నవ్వొచ్చే కథ చెప్తే మాత్రం పకపకా నవ్వుతుంది, కానీ నవ్వి వదిలేస్తోంది, భాష రావట్లేదు, ఇదంతా టైం వేస్టా అని అడిగారు. టైం వేస్ట్ ఏమీ కాదండీ. కాకపోతే పాప దేనికి నవ్వుతోందో చూసుకోవాలి.

నేను నల్గొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక సర్కారు ప్రైమరీ బడిలో చెప్తాను. మా దగ్గరికి తండాల నుంచి చాలామంది పిల్లలు వస్తారు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, తెలుగు వాళ్లకు రెండో భాష. పైగా 2022-23 నుంచి సర్కారు బళ్లలోనూ ఇంగ్లీష్ మీడియం మొదలైంది కాబట్టి ఒకటో తరగతి పిల్ల మీద ఒకేసారి రెండు కొత్త భాషలు పడుతున్నాయి. మీ పాప సంగతి వేరే అయినా ఇబ్బంది దాదాపు అదే, పుస్తకంలో తెలుగు తనది అనిపించదు.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. మనం ఏ మాట, ఏ రూపం నేర్పాలనుకుంటున్నామో నవ్వు సరిగ్గా అక్కడే పుట్టాలి. టీచర్ కోతిలా గంతులేసినా పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వుకు తెలుగు అక్కర్లేదు. మాట అర్థమైతేనే నవ్వొచ్చేలా కథ ఉంటే, పిల్ల నవ్విందంటే అర్థమైనట్టే, వేరే పరీక్ష పెట్టక్కర్లేదు. నవ్వలేదంటే ఎక్కడో ఒక మాట అందలేదని మనకు వెంటనే తెలిసిపోతుంది.

దీర్ఘాలు తీసుకోండి. మూడో తరగతిలో కూడా సగం తప్పులు అక్కడే. "దీర్ఘం పెట్టు, దీర్ఘం పెట్టు" అని ఎర్ర పెన్నుతో గీస్తూ పోతే పిల్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నేను ఒక కాకి ఉత్తరం చదివిస్తాను. కాకి తన మామకు రాసింది: "మామా, నిన్న పెళ్లిలో అక్క చాలా బాగా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకోసారి పడమన్నారు. అక్క మళ్లీ పడింది." అది చదివి మామ కాకి పసుపు, గుడ్డపీలికలు పట్టుకుని కట్టు కట్టడానికి ఆగమాగం ఎగురుకుంటూ వస్తుంది. ఇక్కడికొచ్చేసరికి ఒకరిద్దరికి వెలుగుతుంది, వాళ్లు నవ్వుతారు, మిగతావాళ్లు "ఏందిరా, ఏమైంది?" అని వాళ్లను పట్టుకుంటారు, ఆ నవ్విన పిల్లలే బోర్డు దగ్గరికొచ్చి ప పక్కన దీర్ఘం పెట్టి "పాడింది" అని చూపిస్తారు. నేను నోరు తెరవాల్సిన పని ఉండదు. ఆ తర్వాత మెడ, మేడ ఇచ్చి, మొక్క, ముక్కు ఇచ్చి మీరే ఉత్తరం రాయండి అంటే "తాత ముక్కుకు రోజూ నీళ్లు పోస్తాడు", "మా మామ మెడ మీద ఇద్దరు కిరాయికి ఉంటారు" అని రాసుకొస్తారు. కావాలని తప్పు రాయాలంటే ముందు ఒప్పు ఏదో తెలియాలి కదా.

ఇంకొకటి మనందరికీ తెలిసిన ఏడు చేపల కథ. చిన్నపిల్లల కథ అనుకుని దీన్ని అంగన్‌వాడీకి వదిలేస్తారు, నాకైతే ఇది వ్యాకరణం మొత్తం నేర్పే కథ. "చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. ఆవూ ఆవూ ఎందుకు మేయలేదు? గొల్లవాడు మేపలేదు." చూడండి, మేయడం ఆవు పని, మేపడం మనిషి పని. ఈ తేడాను సూత్రం చెప్పి నేర్పాలంటే నాకు చేతకాదు, కథ మాత్రం రెండు వాక్యాల్లో నేర్పేస్తుంది. ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు అని "లేదు" రూపం అన్నిసార్లు వస్తున్నా పిల్లలకు విసుగు రాదు, ఎందుకంటే చివర్లో చీమ "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుందని వాళ్లకు తెలుసు, దాని కోసమే కాచుకుని కూర్చుంటారు.

కథ నోటికి వచ్చాక దాన్ని మన ఊరికి తెచ్చుకోవాలి. మా పిల్లలు కట్టినది ఒకటి: "బస్సూ బస్సూ ఎందుకు రాలేదు? డ్రైవర్ ఎక్కలేదు. డ్రైవరూ డ్రైవరూ ఎందుకు ఎక్కలేదు? చాయ్ కాగలేదు. చాయ్ చాయ్ ఎందుకు కాగలేదు? గ్యాస్ అయిపోయింది." వచ్చు అన్న మాట "రాలేదు" ఎట్లా అయిందో తండా నుంచి వచ్చిన పిల్లకు ఎవరూ వివరించలేదు, బస్సు కోసం నిలబడి నేర్చుకుంది. మీ పాపతో ఇంట్లో ఇది రాత్రి అన్నం తినేటప్పుడు ఆడొచ్చు, పుస్తకం అక్కర్లేదు.

మీ పాప వయసుకు పరమానందయ్య శిష్యులు సరిగ్గా సరిపోతారు. వాగు నిద్రపోతోందో లేదో చూడడానికి మండే కట్టె ముంచుతారు, అది చుయ్‌మంటే అమ్మో మేలుకునే ఉంది అని భయపడతారు. వాగు దాటాక లెక్క పెట్టుకుంటే ఒకడు తక్కువ వస్తాడు, లెక్కపెట్టేవాడు తనను వదిలేస్తాడు కాబట్టి. ఇది చెప్తే నవ్వు రాకపోవచ్చు, పిల్లలను వరసలో నిలబెట్టి ఆడించండి, చూసేవాళ్లే ఆగలేక "అరేయ్, నిన్ను నువ్వు లెక్క పెట్టుకుంటలేవురా!" అని అరుస్తారు. జోకును మాత్రం విడమరిచి చెప్పకండి, చెప్పారా కథ చచ్చిపోయినట్టే. తెలియని మాటలుంటే కథకు ముందే, పొద్దున ఎప్పుడో, వేరే మాటల్లో కలిపి వాడేయాలి. తెనాలి రామకృష్ణుడి కథలకు ఇంకో ఏడాది ఆగండి, వాటిలో చాలావరకు ఎదుటివాడి మాటనే తిప్పికొట్టే చమత్కారం ఉంటుంది, అది అందాలంటే భాష కొంచెం ముదరాలి.

భయం ఉన్నచోట భాష లోపలికి దిగదని భాషలు ఎట్లా వస్తాయో పరిశోధించిన అమెరికా పండితుడు స్టీఫెన్ క్రాషెన్ 1980లలో రాశాడు, దాని మీద వాదనలు చాలా ఉన్నా క్లాసులో నిలబడే ఎవరికైనా అది నిజమనే అనిపిస్తుంది. అందుకే ఒక్క విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను, ఏ పిల్ల మాట తీరునూ చూసి ఎవరూ నవ్వకూడదు. మా పిల్లలు "పోయిండు" అంటారు, పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంటుంది. చాలా సినిమాల్లో ఎన్నో ఏళ్లు మన యాసను కమెడియన్‌కో రౌడీకో అంటగట్టారు, ఆ నవ్వు పిల్లల చెవుల్లో ఇప్పటికే ఉంది. పొట్టకూటికి పాలమూరు నుంచి బొంబాయికి పోయి, నడుమ చదువు ఆగి, తిరిగొచ్చిన పిల్లల మాటలో నాలుగు భాషలు కలిసి ఉంటాయి. అట్లాంటి పిల్లను చూసి క్లాసు ఒక్కసారి నవ్విందంటే ఆమె మళ్లీ నోరు విప్పదు. నా కథల్లో సింహంరాజు పుస్తకం భాషలో మాట్లాడతాడు, తెలివైన కుందేలు నల్గొండ యాసలో మాట్లాడుతుంది, గెలిచేది కుందేలే. పిల్లలు కుందేలు వేషం కోసం కొట్టుకుంటారు, రాజు వేషం వేసినవాడికి "వెళ్ళాడు, వచ్చాడు" అలవాటవుతాయి, రెండూ వస్తాయి. మీ ఇంట్లో కూడా నాయనమ్మ మాటను పాప ముందు సరిదిద్దకండి, నాయనమ్మతోనే కథ చెప్పించండి.

నవ్వి వదిలేస్తోంది అన్నారు కదా, దానికి నేను చేసేది ఇది. మరుసటి రోజు అదే కథ నేను తప్పుగా చెప్తాను, చేపలు ఆరే అంటాను, చీమ బదులు తేలు అంటాను. పిల్లలు ఊరుకోరు, పూర్తి వాక్యాలతో మీద పడతారు. ఆ మీద పడిన వాక్యాలనే రాయించండి, నాలుగు చాలు. 2018లో వచ్చిన చట్టం ప్రకారం మన తెలంగాణలో ఏ మీడియం బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు చదవాల్సిందే కాబట్టి తొందరేం లేదు. ఈ వారం ఏడు చేపలు మొదలుపెట్టండి, పాప కట్టిన బస్సు కథో, బడి కథో ఇక్కడ రాయండి, మా పిల్లలకు చదివి వినిపిస్తాను.