నిరుద్యోగం తగ్గిందట, అప్పు చేసి ప్లాటు కొనొచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. మాదాపూర్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 95 వేలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు, ఇల్లు గడవడానికి 40 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి. పోయినేడాది మా టీంలో నలుగురిని తీసేశారు. పట్టణాల్లో నిరుద్యోగం 2025 జూలైలో 7.2 శాతం ఉంటే ఆగస్టులో 6.7కి తగ్గిందని చదివాక ధైర్యం వచ్చింది. 6 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని సదాశివపేట వైపు ప్రీలాంచ్‌లో (వెంచర్ అధికారికంగా మొదలుకాకముందే అమ్మేది) ప్లాటు కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఈమధ్య ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

ఆ 6.7 శాతం దేశంలోని పట్టణాలన్నిటికీ కలిపి వేసిన అంకె. నెలవారీ లెక్కలో హైదరాబాద్‌కు విడిగా ఏమీ ఉండదు. పైగా, ఈ అంకె కోసం చేసే సర్వేకు ముందు వారంలో ఒక్క గంట పని చేసినా ఉద్యోగం ఉన్నట్టే రాసుకుంటారు. జీతం పోయి బైక్ ట్యాక్సీ నడుపుకొంటున్న మీ పాత కొలీగ్ కూడా అందులో ఉద్యోగే. కానీ బ్యాంకు అతని ఈఎంఐ తగ్గించదు కదా! మీరు చూడాల్సింది మీ టీంలో ఖాళీ అయిన ఆ నాలుగు కుర్చీలను.

ఇప్పుడు మీ లెక్క. నెలకు తప్పనిసరి ఖర్చు 78 వేలు. మీ దగ్గరున్న 60 వేలు నెల కూడా రావు. పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి అయిదేళ్లకు దొరికిందనుకున్నా, ఈఎంఐ దాదాపు 14 వేలు. 95 వేలలో మిగిలేది 3 వేలు. పిల్లలకు జ్వరం వచ్చినా క్రెడిట్ కార్డు గీకాల్సిందే. నడుస్తున్న అప్పు మీద ఇంకో అప్పు, అదీ చేతికింకా రాని ప్లాటు కోసం! దీన్ని పెట్టుబడి అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆరు నెలల ఖర్చు, అంటే 4 లక్షల 68 వేలు ముందు కూడబెట్టండి. ఇప్పుడు మిగిలే 17 వేలూ అందులోనే వేస్తే రెండేళ్లు పడుతుంది. బోనస్ వస్తే అదీ అందులోకే. సేవింగ్స్‌లో కొంత, మిగతాది ఎఫ్‌డీలో ఉంచండి, షేర్ల జోలికి పోకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, కాబట్టి సొంత ఫ్యామిలీ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. దాని ప్రీమియం వల్ల ఈ ఆరు నెలల నిధి ఒకట్రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. బంగారం, మ్యూచువల్ ఫండ్లు ఆ తర్వాత చూద్దాం.

ఇక ప్రీలాంచ్ ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తే వెంచర్ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. రెరాలో రిజిస్ట్రేషన్ చేయాల్సిన వెంచర్‌లో అది రాకముందే ప్లాట్లు అమ్మడం చట్టవిరుద్ధం. "వచ్చే నెల వస్తుంది సార్" అంటే ఫోన్ పెట్టేయండి.