చెరువుల లెక్క మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తెలంగాణ చెరువులన్నిటి ఆకారాలూ ఒక ఫైలులో, మండలాల సరిహద్దులు ఇంకో ఫైలులో ఇచ్చి, ఏ మండలంలో ఎన్ని చెరువులున్నాయో, వాటి విస్తీర్ణం ఎన్ని ఎకరాలో జియోపాండాస్‌తో (పటాల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) లెక్క తీయమన్నారని రాశావు. పైథాన్ బాగానే వచ్చు కాబట్టి వారంలో ముగించేస్తానని ధీమాగా ఉన్నావు. ఆ ధీమా నాకు సంతోషమే. కానీ ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది తల్లీ. మామూలు ప్రోగ్రాంలో తప్పు దొర్లితే ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది, ఎర్ర అక్షరాలతో మొత్తుకుంటుంది. భూమి మీది ఆకారాలతో పని చేసేటప్పుడు చాలా తప్పులకు అది ఆగదు. చక్కగా ఒక అంకె చేతిలో పెడుతుంది. ఆ అంకె నివేదికలోకి ఎక్కుతుంది, దాన్ని చూసి ఏ చెరువుకు పూడిక తీయాలో ఎవరో నిర్ణయిస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

మొట్టమొదట, ఒక వరుస అంటే ఏమిటో తేల్చుకో. జియోడేటాఫ్రేమ్ అనేది పట్టికే. ఒక్కో వరుసలో ఒక ఆకారం, దాని పక్కన పేరు, ఊరు, ఆయకట్టు లాంటి వివరాలు. అయితే నీ ఫైలులో ఒక వరుస అంటే ఒక చెరువేనా? ఉపగ్రహ చిత్రం మీద గీసినప్పుడు, ఎండాకాలంలో నీళ్లు రెండు మడుగులుగా విడిపోయిన చెరువు రెండు వరుసలుగా వచ్చి ఉండవచ్చు, లేదా ఒకే వరుసలో మల్టీపాలిగన్‌గా, అంటే కొన్ని పాలిగన్‌ల (మూసిన ఆకారాల) గుంపుగా ఉండవచ్చు. మొదటి రకాన్ని డిజాల్వ్‌తో కలపాలి. రెండోదాన్ని అలాగే ఉంచాలి, ఎక్స్‌ప్లోడ్ చేసి విడదీశావంటే చెరువుల సంఖ్య పెరిగిపోతుంది. లక్నవరం లాంటి చెరువులో దీవులు ఉంటాయి. ఆ పాలిగన్‌లో లోపలి వలయాలు (దీవుల చోట వదిలిన ఖాళీలు) ఉన్నాయో లేదో చూడు. లేకపోతే దీవుల నేల కూడా నీటి ఖాతాలో పడుతుంది. గీసిన గీత ఎఫ్‌టీఎల్ హద్దా (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మేర), లేక చిత్రం తీసిన రోజున నీళ్లు నిలిచిన మేరా అన్నది కూడా మీ ఇంజినీర్లను అడిగి తెలుసుకో. ఈ రెండింటికీ మధ్య ఎకరాల కొద్దీ శిఖం భూమి, అంటే నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు నేల ఉంటుంది.

పేరును నమ్మి చెరువులను కలపవద్దు. మిషన్ కాకతీయ పనులకు ముందు లెక్కించిన చెరువులు, కుంటలు 46,531. వాటిలో ఊర చెరువులు, పెద్ద చెరువులు, కొత్త కుంటలు ఎన్ని ఉంటాయో నీకు వేరే చెప్పాలా? మండలాల సంగతీ అంతే. రామచంద్రపురం పేరుతో సంగారెడ్డి జిల్లాలో ఒక మండలం ఉంది, కోనసీమలో ఒకటుంది, తిరుపతి జిల్లాలో మరొకటి ఉంది. కలపడానికి పేరు కాక, పట్టికలో ఇచ్చిన గుర్తింపు కోడ్ వాడు. ఆ కోడ్‌ను అక్షరాలుగా చదివించు, అంకెగా కాదు. అంకెగా చదివితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది, ఆ తర్వాత రెండు పట్టికలు ఎందుకు కలవడం లేదో తెలియక తల పట్టుకుంటావు.

ఇక అసలు విషయం, నిర్దేశాంక వ్యవస్థ (సీఆర్ఎస్), అంటే ఫైలులోని అంకెలు భూమి మీద ఏ చోటును చూపుతాయో చెప్పే పద్ధతి. ఈ ఒక్కటి బాగా పట్టుబడితే సగం పని అయినట్టే. ఫైలు తెరవగానే రెండు చూడు, సీఆర్ఎస్ ఏమని ఉంది, టోటల్ బౌండ్స్ (ఆకారాలన్నిటి నాలుగు వైపుల హద్దులు) ఎంత ఇస్తోంది. తెలంగాణ దాదాపు 77 నుంచి 81 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య, 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. నీకు వచ్చిన నాలుగు అంకెలు ఆ పరిధికి దగ్గరగా లేకపోతే అక్కడే ఆగు. జియోజేసన్ అనే ఫైలు రకంలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాస్తారు. ఎక్సెల్ పట్టికలో ఎవరో తిరగేసి రాస్తే హైదరాబాద్ వెళ్లి ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల మీద కూర్చుంటుంది. పటం గీసి చూస్తే క్షణంలో తెలిసిపోయే తప్పు ఇది. అంకెలు మాత్రమే చూస్తే రోజులు గడిచినా తెలియదు.

సెట్_సీఆర్ఎస్, టు_సీఆర్ఎస్ అని రెండు ఉన్నాయి. మొదటిది పేరు మాత్రమే పెడుతుంది, రెండోది నిర్దేశాంకాలను నిజంగా మారుస్తుంది. సీసా మీద చీటీ మార్చినంత మాత్రాన లోపలి నూనె నెయ్యి కాదు కదా. ఫైలుకు సీఆర్ఎస్ సమాచారం లేనప్పుడు, అది ఏ వ్యవస్థలో ఉందో నీకు ఖాయంగా తెలిసినప్పుడు మాత్రమే సెట్ వాడు. ఊహించి పెట్టవద్దు. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి ఒక పాత నమూనా) ఆధారంగా తయారైనవి. వాటి మీద గీసిన చెరువులకు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని పేరు తగిలిస్తే కట్ట ఒకచోట, నీళ్లు ఒకచోట పడతాయి.

విస్తీర్ణం డిగ్రీలలో లెక్కించకూడదని నీకు తెలుసు. జియోపాండాస్ కూడా అక్కడ ఒక హెచ్చరిక ఇస్తుంది. అది ఏ హెచ్చరికా ఇవ్వని చోటు గురించి చెబుతాను. వెబ్ పటాలు వాడే 3857 అనే వ్యవస్థకు ప్రమాణం మీటర్లే. కాబట్టి చాలామంది అందులోకి మార్చి ఏరియా అడుగుతారు, జవాబూ వస్తుంది. కానీ ఆ ప్రక్షేపణ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ ప్రతిదాన్నీ పెద్దది చేసి చూపుతుంది. హైదరాబాద్ అక్షాంశం దగ్గర నిజానికి వంద ఎకరాల చెరువు అందులో దాదాపు 110 ఎకరాలవుతుంది. పది శాతం పెంపు! రాష్ట్రం మొత్తానికి కూడితే ఎంత అబద్ధమో ఆలోచించు.

నువ్వు యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా విడగొట్టే ప్రక్షేపణ) 44వ ఉత్తర జోన్, అంటే 32644 సంఖ్య గల సీఆర్ఎస్ వాడు. హైదరాబాద్ అందులోనే ఉంది. 78 డిగ్రీలకు పడమరన ఉన్న తాండూరు, జహీరాబాద్, నారాయణపేట నిజానికి 43లోకి వస్తాయి. అయినా వాటిని 44లోనే లెక్కించినా విస్తీర్ణంలో తేడా అర శాతం కూడా దాటదు. నీ పనికి అది చాలు. ఆంధ్రప్రదేశ్ లెక్క కూడా అడిగితే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకో. అనంతపురం 43లో, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. మూడు ముక్కలుగా లెక్కించి అతకడం కంటే, విస్తీర్ణాన్ని కాపాడే 6933 లాంటి ప్రక్షేపణలో ఒకేసారి లెక్కించడం మంచిదని నా అభిప్రాయం.

ఆకారాల ఆరోగ్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈజ్_వ్యాలిడ్‌తో పరీక్షించు, తనను తానే కోసుకునే గీతలు తప్పకుండా కొన్ని దొరుకుతాయి. మేక్_వ్యాలిడ్‌తో బాగుచేయి. బఫర్ సున్నా అనే పాత చిట్కా ఇప్పటికీ చాలామంది చెబుతారు, కానీ ఎనిమిది అంకెలా మెలిపడిన పాలిగన్‌లో అది ఒక సగాన్ని మాయం చేయగలదు. బాగుచేయకముందు, చేసిన తర్వాత ప్రతి చెరువు విస్తీర్ణం పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కువగా ఉన్నవాటిని కళ్లతో చూడు.

ఇప్పుడు చెరువులను మండలాలతో జోడించడం. రెండు లూపులు ఒకదాంట్లో ఒకటి రాయవద్దు. ఆరు వందల పైచిలుకు మండలాలతో ప్రతి చెరువునూ పోలిస్తే రెండున్నర కోట్లకు పైగా పోలికలవుతాయి. స్థానాన్ని బట్టి రెండు పట్టికలను కలిపే ఎస్‌జాయిన్ వాడు. దాని లోపల స్థాన సూచిక ఉంటుంది, దగ్గర లేని జంటలను అది ముట్టుకోనే ముట్టుకోదు. రెండు పట్టికల మీద నేరుగా వితిన్ (ఇది దాని లోపల ఉందా) అని పిలిచినా పొరపాటే. అది మొదటి చెరువును మొదటి మండలంతో, రెండో చెరువును రెండో మండలంతో మాత్రమే పోలుస్తుంది.

ఎస్‌జాయిన్‌లోనూ ఒక చిక్కుంది. రెండు మండలాల మీద పరుచుకున్న చెరువును తీసుకో. ఇంటర్‌సెక్ట్స్ (తాకితే చాలు) అంటే అది రెండు వరుసలవుతుంది, మొత్తం చెరువుల సంఖ్య పెరుగుతుంది. వితిన్ అంటే అది ఏ మండలంలోనూ పూర్తిగా లేదు కాబట్టి అసలు లెక్కలోకే రాదు. ఎన్ని చెరువులు, ఎన్ని ఎకరాలు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు, రెండు దారుల్లో వెళ్లాలి. సంఖ్య కోసం ఒక్కో చెరువుకు ఒక్కో బిందువు తీసుకుని ఆ బిందువు ఏ మండలంలో ఉందో చూడు. సెంట్రాయిడ్ తీసుకోవద్దు. మన చెరువులు చాలావరకు కట్ట వెంబడి నెలవంకలా వంగి ఉంటాయి, వాటి కేంద్రం ఒక్కోసారి నీళ్లలో కాక పక్క పొలంలో పడుతుంది. రిప్రజెంటేటివ్_పాయింట్ ఎప్పుడూ ఆకారం లోపలే ఉంటుంది. ఎకరాల కోసం ఓవర్‌లే చేసి, చెరువును మండలం గీత వెంబడి కోసి, ఏ ముక్క విస్తీర్ణం ఆ మండలానికి వేయి. రెండు సందర్భాల్లోనూ చివరన మొత్తం కూడి అసలు మొత్తంతో సరిచూడు. ఎస్‌జాయిన్‌లో హౌ దగ్గర లెఫ్ట్ అని పెడితే ఏ మండలానికీ చెందని చెరువులు ఖాళీ గడులతో బయటపడతాయి. వాటిని తీసిపారేయవద్దు. ఎక్కువగా రాష్ట్ర సరిహద్దుల్లో ఉన్నవే అవి, ఒక్కొక్కటీ విడిగా చూడాలి.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న చివరికి మిగిలింది. ఆ మండలాల ఫైలు ఏ నాటిది? 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. కొత్త మండలాలూ వచ్చాయి. రామప్ప చెరువు, లక్నవరం మొదట వరంగల్ జిల్లాలో ఉండేవి, తర్వాత జయశంకర్ భూపాలపల్లికి వెళ్లాయి, ఇప్పుడు ములుగులో ఉన్నాయి. నీళ్లు కదలలేదు, గీతలు కదిలాయి. 2011 జనాభా లెక్కల సరిహద్దులతో నేటి మండలాల లెక్క చెబితే ఎవరికీ పనికిరాదు.

ఫలితాన్ని షేప్‌ఫైల్ అనే పాత ఫైలు రకంలో దాచవద్దు. అందులో నిలువు వరుస (కాలమ్) పేరు పది బైట్లు దాటకూడదు, పైగా యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి పొడుగు పేర్లు మధ్యలో తెగిపోతాయి. దాని బదులు జియోప్యాకేజ్ అనే ఫైలు రకం వాడు. సరిహద్దుల ఫైలు తేదీ, లెక్కకు వాడిన సీఆర్ఎస్ సంఖ్య కూడా ఫలితంతో పాటు రాసి పెట్టు.

మండలాల ఫైలు తేదీ కనుక్కుని రాయి. రెండు మండలాల మీద పడిన చెరువుల జాబితా తయారయ్యాక దాన్ని కూడా పంపు, సంఖ్యలో వాటిని ఎటు వేయాలో మీ ఇంజినీర్లను ఏం అడగాలో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య