ప్యూరిఫయర్ కొంటే ఘాటు తగ్గుతుంది, తల దిమ్ము తగ్గదు

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డుకు దగ్గర. సీజన్ మొదలైతే ఇంటిల్లిపాదికీ తుమ్ములు, దగ్గు. అందుకే కిటికీలు బిగించి, నలుగురం ఒకే గదిలో ఏసీ వేసుకుని, దోమల కాయిల్ పెట్టుకుని పడుకుంటున్నాం. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది, చిన్నోడి దగ్గూ తగ్గట్లేదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: కొనండమ్మా, మీ ఇంటికి పనికొస్తుంది. కానీ మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఘాటంటే గాలిలో తేలే మిరప దుమ్మే, అందులోని క్యాప్సైసిన్ గొంతు నరాలను రేపుతుంది. ప్యూరిఫయర్‌లో ఉండే హెపా అనే సన్నని జల్లెడలాంటి ఫిల్టర్ 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలనే 99.97 శాతం ఆపుతుంది కాబట్టి ఆ దుమ్మును బాగానే పడుతుంది.

తల దిమ్ముకి నా అనుమానం వేరే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, అంటే నలుగురు వదిలిన ఊపిరి తెల్లార్లూ ఆ గదిలోనే. బయట 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) దగ్గరుండే కార్బన్ డయాక్సైడ్ అలాంటి గదిలో వెయ్యి తేలిగ్గా దాటేస్తుంది. దాన్ని ఏ హెపా ఆపలేదు, కొత్త గాలి రావాల్సిందే. రాత్రి హాల్లోకి తలుపు కాస్త తెరిచి ఉంచండి. ఘాటు ఏ వేళ తగ్గుతుందో ఆ వీధిలో ఉన్న మీకే బాగా తెలుసు, ఆ వేళ ఎదురెదురు కిటికీలు పావుగంట తీయండి.

ఇక ఆ కాయిల్, దయచేసి ఈ రాత్రి నుంచే మానేయండి. ఒక్కటి పూర్తిగా కాలితే వచ్చే సన్నని పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లోనే ఒక పరిశోధన చెప్పింది. మూసిన గదిలో, పిల్లాడి పక్కన! దోమతెర కట్టుకోండి.

వంటింట్లో ఎండుమిర్చి తాలింపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో పాటు ఇంకో వైపు కిటికీయో తలుపో తీసి ఉండాలి, లోపలికి గాలి రాకపోతే ఆ ఫ్యాన్ బయటికి లాగేదేమీ ఉండదు.

ప్యూరిఫయర్ కొనేటప్పుడు సీఏడీఆర్ అంకె చూడండి, గంటకి ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెబుతుంది. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తున్న గదిలో గాలి సుమారు 41 ఘనపు మీటర్లు, గంటకి ఐదుసార్లు వడకట్టాలంటే ఆ అంకె 200 దాటాలి. ఓజోన్ వదిలే రకం మాత్రం వద్దు, అది ఊపిరితిత్తులకే చేటు.

చిన్నోడికి పిల్లికూతలు వినిపించినా, ఆయాసం వచ్చినా ముందు పిల్లల డాక్టరుకి చూపించండి, మిషన్ సంగతి తర్వాత.