ఒక్క సెల్ కోసం ప్యాక్ మొత్తం మార్చాలా?

ప్రశ్న: మాది పరకాల. నా ఎలక్ట్రిక్ స్కూటర్‌లో 16 ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ సిరీస్‌లో ఉన్న 30 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీ ప్యాక్ ఉంది. ఈమధ్య చార్జింగ్ తొందరగా ఆగిపోతోంది, డిస్‌ప్లేలో ఇంకా 30 శాతం చూపిస్తుండగానే బండి ఠక్కున ఆగిపోతోంది. హన్మకొండలో మెకానిక్ విప్పి చూసి, ఒక సెల్ 3.26 వోల్టులు, మిగతావి 3.30 ఉన్నాయి, ప్యాక్ మార్చాల్సిందే అన్నాడు. బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నిటి చార్జ్ సమానం చేయడం) చేయిస్తే సరిపోదా సార్?

జవాబు: అప్పుడే ప్యాక్ కొనకండి. ఎల్‌ఎఫ్‌పీ సెల్‌లో 20 నుంచి 80 శాతం దాకా వోల్టేజ్ పెద్దగా కదలదు కాబట్టి, మధ్యలో తీసిన ఆ రీడింగ్ చూసి సెల్ పాడైందో, బ్యాలెన్స్ మాత్రమే తప్పిందో చెప్పలేం.

ప్యాక్‌ను కాపాడే సర్క్యూట్, అంటే బీఎంఎస్, ఒక్కో సెల్‌ను విడిగా చూస్తుంది. ఏ ఒక్కటి 3.65 వోల్టుల దగ్గరికి వచ్చినా చార్జింగ్ ఆపేస్తుంది, ఏ ఒక్కటి 2.5 దగ్గరికి పడినా కరెంటు కట్ చేస్తుంది, మిగతా పదిహేనింటిలో ఎంత మిగిలున్నా సరే. అందుకే కొలతలు రెండుసార్లు తీయించండి: చార్జింగ్ ఆగే ముందు ఒకసారి, బండి ఆగిపోయే ముందు లోడ్ మీద ఇంకోసారి. రెండుసార్లూ అదే సెల్ తక్కువ చూపిస్తే బ్యాలెన్స్ తప్పింది, అంతే. అదే సెల్ అన్నిటికన్నా ముందు నిండి, అన్నిటికన్నా ముందు ఖాళీ అవుతుంటే మాత్రం దాని కెపాసిటీ పడిపోయినట్టు, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేసినా లాభం లేదు, ఆ ఒక్క సెల్ మార్చాలి. కానీ బోల్టు వదులైనా, వెల్డింగ్ ఊడినా రీడింగ్ ఇలాగే వస్తుంది, కాబట్టి మీటర్ పిన్నులు సెల్స్‌ను కలిపే పట్టీ మీద కాకుండా సెల్ టెర్మినల్ మీదే పెట్టి చూడమనండి.

బ్యాలెన్స్ తప్పిందనే తేలితే, చార్జర్ పెట్టి వదిలేస్తే అదే సర్దుకుంటుందని చాలామంది అంటారు. లెక్క చూడండి: మామూలు బీఎంఎస్ నిండిన సెల్ నుంచి రెసిస్టర్ ద్వారా ఏ 50 మిల్లీయాంపులో తీసేస్తుంది. మీ ప్యాక్‌లో 10 శాతం తేడా అంటే 3 ఏహెచ్, అంటే 60 గంటలు! అదీ సెల్స్ పూర్తిగా నిండే దశలోనే జరుగుతుంది, ఫోన్‌లాగా రోజూ 80 శాతానికే ప్లగ్ పీకేస్తే ఆ పని మొదలే కాదు. దానికన్నా వెనకబడ్డ సెల్‌ను 3.65 వోల్టులకు సెట్ చేసిన సప్లైతో విడిగా నింపించడం మేలు, తెలిసిన మెకానిక్‌కు అది చిన్న పనే. ఆ తర్వాత అప్పుడప్పుడూ, బండి ఎండలోంచి వచ్చి చల్లబడ్డాక, మీరు దగ్గరుండి ఫుల్ చార్జ్ పెట్టండి.

ఆ సెల్ ఉబ్బి ఉంటే మాత్రం ఈ పనులేవీ వద్దు, ముందు దాన్ని తీయించేయండి.